కాంక్రీటు స్తంభాలలో ఉక్కు కడ్డీల బక్లింగ్

కాంక్రీటు స్తంభంలో నిలువుగా అమర్చిన ఉక్కు కడ్డీ, నొక్కే బలానికి తట్టుకోలేక రెండు రింగుల మధ్య భాగంలో పక్కకు వంగిపోవడాన్ని బక్లింగ్ అంటారు. భూకంపం వచ్చినపుడు కట్టడం అటూ ఇటూ ఊగుతుంది. అపుడు ఒకే కడ్డీ ఒక క్షణం సాగదీయబడి, మరుక్షణం నొక్కబడుతుంది. ఇలా దిశ మార్చుకొంటూ మళ్ళీ మళ్ళీ పడే భారాన్ని చక్రీయ భారం అంటారు. ఒకే దిశలో పడే భారానికి చక్కగా నిలిచే కడ్డీ, చక్రీయ భారం క్రింద అదే విధంగా నిలుస్తుందని చెప్పలేము. ఈ ప్రవర్తనలో కడ్డీ బలంతో పాటు, దానిని చుట్టి పట్టుకొన్న రింగులు ఎంత దగ్గరగా ఉన్నాయి, వాటి కొనలు ఎలా వంచబడ్డాయి అన్న విషయాలు ముఖ్య పాత్ర వహిస్తాయి.

ఆంధ్ర ప్రదేశ్ లోని నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలు భూకంప ప్రమాదం తక్కువగా ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. 2016 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం ఇటువంటి ప్రాంతాలలో రింగులను దగ్గర దగ్గరగా అమర్చే నియమం ఐచ్ఛికం మాత్రమే. కాబట్టి ఇక్కడ కట్టే భవనాలలో ఈ జాగ్రత్త పాటించడం, పాటించకపోవడం చాలావరకు ఇంజనీరు, మేస్త్రీ, ఇంటి యజమానుల అవగాహనపై ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

రాయి, కాంక్రీటు నొక్కే బలాన్ని బాగా తట్టుకొంటాయి, సాగదీసే బలానికి మాత్రం తేలికగా పగులుతాయి. ఆళ్లగడ్డ సమీపంలోని అహోబిలం ఆలయ మండపాలలోని రాతి స్తంభాలు పైకప్పు బరువును ప్రధానంగా నొక్కుడు రూపంలోనే నేలకు దించుతాయి. ఆధునిక భవనాలలో స్తంభాలు, దూలాలు కలిసి ఒక చట్రంగా పనిచేస్తాయి. ఈ చట్రం పక్కకు ఊగినపుడు స్తంభంలో ఒక వైపు సాగుతుంది, రెండవ వైపు నలుగుతుంది. సాగే వైపు బలాన్ని మోయడానికి ఉక్కు కడ్డీలు అవసరమవుతాయి. ఊపు తిరిగి వచ్చినపుడు ఇంతవరకు సాగిన వైపే నొక్కుడుకు గురి అవుతుంది.

స్తంభంలో రెండు రకాల ఉక్కు ఉంటుంది. నిలువు కడ్డీలు బరువును, వంపును మోస్తాయి. వాటి చుట్టూ అడ్డంగా కట్టే చిన్న కడ్డీలను రింగులు అంటారు. నిలువు కడ్డీలను వాటి స్థానంలో నిలపడం రింగుల పనులలో ఒకటి మాత్రమే. ఇవి స్తంభం కోతకు విరిగిపోకుండా కాపాడతాయి, లోపలి కాంక్రీటును పట్టీలా బిగించి ఉంచుతాయి, నిలువు కడ్డీలు బయటకు వంగకుండా అడ్డుకొంటాయి. ఈ వ్యాసంలో ప్రధానంగా చివరి పని గురించి వివరించబడింది.

పరిభాష

* ప్రతిబలం: కడ్డీ అడ్డుకోతపై చదరపు మిల్లీమీటరుకు పడే బలం. దీనిని మెగాపాస్కల్‌లలో కొలుస్తారు.
* వికృతి: అసలు పొడవుతో పోల్చినపుడు కడ్డీ సాగిన లేక కుదించుకుపోయిన పొడవు నిష్పత్తి.
* ఈల్డ్ స్థానం: కడ్డీ స్ప్రింగులా తిరిగి యథాస్థితికి వచ్చే గుణాన్ని కోల్పోయి శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్థానం. ఎఫ్‌ఇ 500 రకపు కడ్డీకి ఇది కనీసం 500 మెగాపాస్కల్‌లు.
* తాంతవత: తెగిపోకుండా ఎక్కువగా సాగగలిగే గుణం.
* దూరం-వ్యాసం నిష్పత్తి: రెండు రింగుల మధ్య దూరాన్ని నిలువు కడ్డీ వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య. కడ్డీ ఎంత సన్నగా, పొడవుగా ఉన్నదో ఇది తెలుపుతుంది.

చక్రీయ భారం క్రింద ఉక్కు ప్రవర్తన

కడ్డీని యంత్రంలో బిగించి ఒకే దిశలో సాగదీస్తే మొదట ప్రతిబలం, వికృతి ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. ఉక్కు యంగ్ గుణకం సుమారు 2,00,000 మెగాపాస్కల్‌లు. అందువలన ఎఫ్‌ఇ 500 కడ్డీ సుమారు 0.0025 వికృతి వద్ద, అనగా మీటరు పొడవుకు రెండున్నర మిల్లీమీటర్లు సాగిన తరువాత ఈల్డ్ స్థానాన్ని చేరుతుంది. ఆ పైన ప్రతిబలం కొద్దిగానే పెరుగుతూ వికృతి చాలా ఎక్కువగా పెరుగుతుంది.

ఈల్డ్ స్థానాన్ని దాటి సాగిన కడ్డీని వెనుకకు తిప్పి నొక్కితే, మొదటిసారి కంటే తక్కువ ప్రతిబలం వద్దనే అది మెత్తబడటం మొదలవుతుంది. అంతేకాక మొదటిసారి కనిపించిన స్పష్టమైన మలుపు ఇపుడు కనిపించదు, రేఖ క్రమంగా వంగుతుంది. జర్మనీకి చెందిన యోహాన్ బౌషింగర్ 1880లలో ఈ విషయాన్ని గుర్తించినందున దీనిని బౌషింగర్ ప్రభావం అంటారు. దీని వలన బక్లింగ్ ప్రమాదం పెరుగుతుంది. కడ్డీ పక్కకు వంగకుండా నిలవాలంటే దానికి బిగువు కావాలి. చక్రీయ భారం ఆ బిగువును ముందుగానే తగ్గిస్తుంది.

ఆయిలర్ సూత్రం, దాని పరిమితి

సన్నని కడ్డీ ఏ బరువు వద్ద పక్కకు వంగుతుందో లెక్కించే సూత్రాన్ని 1744లో లెయొనార్డ్ ఆయిలర్ ప్రచురించాడు. రింగుల వద్ద కడ్డీ గట్టిగా బిగించబడి ఉన్నదని అనుకొని, దూరం-వ్యాసం నిష్పత్తి 16 ఉన్న కడ్డీకి ఈ సూత్రాన్ని వర్తింపజేస్తే, బక్లింగ్ ప్రతిబలం 1,900 మెగాపాస్కల్‌లకు పైగా వస్తుంది. ఇది 500 కంటే దాదాపు నాలుగు రెట్లు. ఈ లెక్కను బట్టి కడ్డీ ఎప్పటికీ వంగదని అనిపిస్తుంది.

కాని ఈ లెక్క కడ్డీ ఈల్డ్ కాకముందు మాత్రమే సరిపోతుంది. ఈల్డ్ అయిన తరువాత ఉక్కు బిగువు అనేక రెట్లు పడిపోతుంది. ఉదాహరణకు అది యాభయ్యవ వంతుకు తగ్గిందని అనుకొంటే, అదే కడ్డీకి అదే సూత్రం 40 మెగాపాస్కల్‌ల కంటే తక్కువ విలువను ఇస్తుంది. ఆ స్థితిలో కడ్డీ 500 మెగాపాస్కల్‌ల వద్ద వంగకుండా నిలవాలంటే దూరం-వ్యాసం నిష్పత్తి 4 లేక 5కి మించరాదు. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. అయినప్పటికీ, మామూలు బరువుకు సరిపోయే రింగుల దూరం భూకంపానికి ఎందుకు సరిపోదో దీనిని బట్టి అర్థం చేసుకోవచ్చు.

బక్లింగ్ జరిగే క్రమం

స్తంభం అడుగు భాగంలో, దూలంతో కలిసే చోట వంపు ఎక్కువగా ఉంటుంది. సాధారణంగా అక్కడ ఈ క్రింది క్రమంలో నష్టం జరుగుతుంది.

1. కట్టడం ఒక వైపు ఊగినపుడు సాగే వైపు కాంక్రీటు పగులుతుంది. అక్కడి కడ్డీలు ఈల్డ్ స్థానాన్ని దాటి శాశ్వతంగా సాగుతాయి.
2. ఊపు వెనుకకు తిరిగినపుడు పగుళ్ళు వెంటనే మూసుకోవు. అవి మూసుకొనే వరకు ఆ వైపు నొక్కుడును ఉక్కు కడ్డీలే మోయాలి. కడ్డీ ఇంకా సాగిన పొడవులో ఉన్నప్పటికీ దానిపై పడే బలం నొక్కే బలమే.
3. నొక్కుడు ఎక్కువైన వైపు, కడ్డీలపై ఉన్న కాంక్రీటు పొర రాలిపోతుంది. దీనితో కడ్డీకి బయటి వైపు ఆసరా పోతుంది.
4. ఆసరా కోల్పోయిన కడ్డీ రెండు రింగుల మధ్య బయటకు వంగుతుంది. రింగులు సన్నగా ఉంటే, లేక వాటి కొనలు ఊడిపోతే, కడ్డీ రెండు మూడు రింగులను కూడా నెట్టుకొంటూ పొడవుగా వంగుతుంది.
5. వంగిన కడ్డీ తన వంతు బరువును మోయలేదు. ఆ బరువు లోపలి కాంక్రీటుపై పడి అదీ నలిగిపోతుంది.

మూలలలో ఉన్న కడ్డీలను రింగు మూల వంపు గట్టిగా పట్టుకొంటుంది. ముఖం మధ్యలో ఉన్న కడ్డీకి ఆనుకొని ఉండేది రింగు యొక్క తిన్నని భాగమే. అది తేలికగా బయటకు ఉబ్బుతుంది. అందువలన మధ్య కడ్డీలను ఎదురు ముఖంలోని కడ్డీలతో కలుపుతూ అడ్డ కొక్కేలు వేయాలి.

కడ్డీ తెగిపోవడం

వంగిన కడ్డీ తరువాతి ఊపులో మరలా సాగదీయబడి తిన్నగా అవుతుంది. కాని వంపు లోపలి వైపున, కడ్డీపై ఉండే గాట్ల మొదళ్ళలో, అప్పటికే కంటికి కనిపించని చీలికలు ఏర్పడి ఉంటాయి. తిరిగి సాగినపుడు ఆ చీలికలు తెరుచుకొని కడ్డీ తెగిపోవచ్చు. సెంట్రింగ్ పనిలో వాడే బైండింగు తీగను చేతితో అటూ ఇటూ కొన్ని సార్లు మడిస్తే తెగిపోవడం అందరూ చూసినదే. అదే తీగను నేరుగా లాగి తెంచడం చాలా కష్టం. తక్కువ సార్లు, ఎక్కువ వికృతితో మడవడం వలన లోహం తెగే ఈ గుణాన్ని అల్పచక్ర ఫెటీగ్ అంటారు. 1950లలో కాఫిన్, మాన్సన్ అనే శాస్త్రవేత్తలు వేర్వేరుగా దీనికి గణిత సంబంధాన్ని రూపొందించారు. వికృతి పెరిగిన కొద్దీ కడ్డీ తట్టుకోగలిగే ఊపుల సంఖ్య వేగంగా తగ్గుతుందని ఈ సంబంధం తెలుపుతుంది.

పరిశోధనలు

కడ్డీల బక్లింగ్‌కు, రింగుల దూరానికి గల సంబంధంపై 1961లోనే బ్రెస్లర్, గిల్బర్ట్ అధ్యయనం చేశారు. చక్రీయ భారం క్రింద ఉక్కు ప్రవర్తనను వర్ణించడానికి ఇటలీకి చెందిన మెనెగొట్టో, పింటో 1973లో ఇచ్చిన సమీకరణం కంప్యూటర్ గణనలలో విస్తృతంగా వాడబడుతున్నది. అయితే ఇందులో బక్లింగ్ ప్రభావం లేదు.

ఇటలీకే చెందిన మోంటి, నూటి 1992లో దూరం-వ్యాసం నిష్పత్తి 5, 8, 11గా ఉన్న కడ్డీలపై జరిపిన పరీక్షల ఫలితాలను ప్రచురించారు. నిష్పత్తి 5 ఉన్న కడ్డీలు నొక్కుడులోను, సాగుడులోను దాదాపు ఒకే విధంగా ప్రవర్తించాయి. నిష్పత్తి 11 ఉన్న కడ్డీలు ఈల్డ్ అయిన వెంటనే బలం కోల్పోసాగాయి.

2002లో ఢకాల్, మయెకావా మరొక విషయాన్ని స్పష్టం చేశారు. దూరం-వ్యాసం నిష్పత్తి ఒక్కటే చాలదు, ఉక్కు బలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నిష్పత్తిని, మెగాపాస్కల్‌లలోని ఈల్డ్ ప్రతిబలంలో నూరవ వంతుకు గల వర్గమూలంతో గుణించి వచ్చే సంఖ్యను వారు ప్రమాణంగా తీసుకొన్నారు. ఈ ప్రకారం రింగుల దూరం మారకపోతే, ఎఫ్‌ఇ 415 కంటే ఎఫ్‌ఇ 500 కడ్డీకే బక్లింగ్ ప్రమాదం కొంత ఎక్కువ. బలమైన ఉక్కు వాడినంత మాత్రాన రింగులు తగ్గించవచ్చునన్న అభిప్రాయం సరికాదని దీనిని బట్టి తెలుస్తుంది.

2003లో మోయర్, కొవాల్‌స్కీ ప్రచురించిన అధ్యయనం, కడ్డీ బక్లింగ్‌కు అంతకుముందు ఊపులో అది ఎంత సాగిందన్నది ముఖ్య కారణమని చూపింది. ఎక్కువగా సాగిన కడ్డీ, తిరుగు ఊపులో పగుళ్ళు మూసుకొనే లోపే ఒంటరిగా వంగిపోతుంది.

భూకంపాలు చూపిన సాక్ష్యం

1971లో అమెరికాలోని సాన్ ఫెర్నాండో భూకంపంలో ఆలివ్ వ్యూ ఆసుపత్రి భవనం తీవ్రంగా దెబ్బతిన్నది. ఒకే భవనంలో, దూరంగా రింగులు కట్టిన స్తంభాలు ఛిన్నాభిన్నం కాగా, దగ్గరగా చుట్టిన స్ప్రింగు వంటి సర్పిల కడ్డీలు గల స్తంభాలు పైపొర రాలిపోయినా బరువును మోస్తూ నిలిచాయి. ఇంజనీరింగు పాఠ్యాంశాలలో ఈ ఉదాహరణ తరచుగా కనిపిస్తుంది.

2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ వద్ద 7.7 తీవ్రత గల భూకంపం వచ్చినపుడు, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూడా బహుళ అంతస్తుల భవనాలు కూలిపోయాయి. వీటిలో చాలా భవనాలకు క్రింది అంతస్తు వాహనాల కోసం గోడలు లేకుండా వదిలివేయబడింది. అటువంటి భవనాలలో ఊపు అంతా క్రింది స్తంభాలపైనే పడుతుంది. దెబ్బతిన్న స్తంభాలలో దూరదూరంగా ఉన్న రింగులు, 90 డిగ్రీలకు మాత్రమే వంచిన కొనలు, బయటకు ఉబ్బిన కడ్డీలు కనిపించాయి.

భారతీయ ప్రమాణాలు

కాంక్రీటు కట్టడాలకు సాధారణ ప్రమాణమైన ఐఎస్ 456 (2000) ప్రకారం, స్తంభంలో రింగుల దూరం ఈ మూడింటిలో తక్కువైన దానికి మించరాదు: స్తంభం చిన్న వైపు కొలత, నిలువు కడ్డీ వ్యాసానికి 16 రెట్లు, 300 మి.మీ.

భూకంపానికి తగిన తాంతవత కోసం రూపొందించిన ఐఎస్ 13920 మొదట 1993లో వెలువడి 2016లో సవరించబడింది. 2016 కూర్పు ప్రకారం స్తంభం రెండు కొనల వద్ద రింగుల దూరం, చిన్న వైపు కొలతలో నాలుగవ వంతు, కడ్డీ వ్యాసానికి 6 రెట్లు, 100 మి.మీ.లలో తక్కువైన దానికి మించరాదు. రింగు కొనలను 135 డిగ్రీలు లోపలికి వంచి, వ్యాసానికి 6 రెట్లు, కనీసం 65 మి.మీ. పొడవు ఉంచాలి. స్తంభం చిన్న వైపు కనీసం 300 మి.మీ. ఉండాలన్నది కూడా ఇందులోని నియమమే.

ఉదాహరణకు 300 మి.మీ. చదరపు స్తంభంలో 12 మి.మీ. కడ్డీలు ఉన్నాయనుకొందాం.

* ఐఎస్ 456 ప్రకారం రింగుల దూరం 192 మి.మీ. వరకు ఉండవచ్చు. దూరం-వ్యాసం నిష్పత్తి 16.
* ఐఎస్ 13920 ప్రకారం కొనల వద్ద రింగుల దూరం 72 మి.మీ. మించరాదు. నిష్పత్తి 6.

స్తంభం కొన వద్ద 450 మి.మీ. పొడవులో మొదటి పద్ధతిలో రెండు మూడు రింగులు, రెండవ పద్ధతిలో ఆరేడు రింగులు వస్తాయి. 8 మి.మీ. కడ్డీ మీటరుకు 0.395 కిలోలు తూగుతుంది. ఒక రింగుకు సుమారు ఒక మీటరు కడ్డీ పడుతుందనుకొంటే, రెండు కొనలకు కలిపి అదనంగా పట్టే ఎనిమిది రింగుల బరువు మూడు కిలోలకు కొద్దిగా ఎక్కువ. ఇది రింగుల దూరానికి సంబంధించిన లెక్క మాత్రమే. రింగు కడ్డీ మందానికి ఈ ప్రమాణంలో వేరే సూత్రం ఉన్నది. దాని వలన మరింత లావు రింగులు గాని, అడ్డ కొక్కేలు గాని అవసరం కావచ్చు.

కడ్డీల నాణ్యతను ఐఎస్ 1786 (2008) నిర్దేశిస్తుంది. ఈ కూర్పు ప్రకారం తెగే ముందు కనీస సాగుదల ఎఫ్‌ఇ 500 రకానికి 12 శాతం, ఎఫ్‌ఇ 500డి రకానికి 16 శాతం. చివరి అక్షరం ఎక్కువ తాంతవతకు గుర్తు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం

నంద్యాల, ఆళ్లగడ్డ 40వ జాతీయ రహదారిపై ఉన్న పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి వేరుచేసి ఏర్పాటు చేసిన నంద్యాల జిల్లాలో ఇవి ఉన్నాయి. భౌగోళికంగా ఇది కడప శిలా పరీవాహకంలోని కర్నూలు శిలా సముదాయానికి చెందిన ప్రాంతం. ఈ సముదాయంలోని ఒక శిలాస్తరానికి నంద్యాల షేల్ అనే పేరు ఉన్నది. కుందూ నది లోయలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. ఒకప్పుడు ఈ ప్రాంతంలో నాపరాళ్ళ గోడలు, మట్టి మిద్దెలు సర్వసాధారణం. తరువాతి కాలంలో వీటి స్థానంలో కాంక్రీటు చట్రపు భవనాలు పెరిగాయి.

ఐఎస్ 1893 ప్రమాణం యొక్క 2002, 2016 కూర్పుల పటాలలో కర్నూలు ప్రాంతం రెండవ భూకంప మండలంలో ఉన్నది. ఇది ఆ పటాలలో అతి తక్కువ ప్రమాదం గల మండలం, దీని మండల గుణకం 0.10. ఐఎస్ 13920 (2016) మూడు, నాలుగు, ఐదు మండలాలలో తప్పనిసరి, రెండవ మండలంలో ఐచ్ఛికం. కాబట్టి ఇక్కడ 192 మి.మీ. దూరంలో రింగులు కట్టినా అది ఆ ప్రమాణాలకు విరుద్ధం కాదు.

అయితే తక్కువ ప్రమాదం అనగా ప్రమాదం లేకపోవడం కాదు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి వద్ద 6.2 తీవ్రతతో వచ్చిన భూకంపంలో వేలాది మంది మరణించారు. కిల్లారి అప్పటి పటంలో అన్నిటికంటే సురక్షితమని భావించిన మొదటి మండలంలో ఉండేది. 2002 సవరణలో ఆ మొదటి మండలాన్నే తొలగించి రెండవ మండలంలో కలిపివేశారు. కిల్లారిలో కూలినవి ముఖ్యంగా రాతి గోడలు, మట్టి మిద్దెలు గల ఇళ్ళు. కాబట్టి అది కడ్డీల బక్లింగ్‌కు ఉదాహరణ కాదు. దక్కను పీఠభూమిలో పటం తక్కువగా అంచనా వేసిన చోట కూడా భూమి కంపించగలదనడానికి మాత్రం ఉదాహరణ. తెలుగు ప్రాంతాలలో 1967లో ఒంగోలు వద్ద, 1969లో భద్రాచలం వద్ద, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5కు పైబడిన తీవ్రతతో భూకంపాలు వచ్చాయి.

నిర్మాణంలో గమనించవలసిన విషయాలు

* స్తంభం అడుగున, దూలం క్రింద, దూలం పైన రింగులను దగ్గరగా కట్టాలి. మధ్య భాగంలో దూరం కొంత పెంచవచ్చు.
* దూలం, స్తంభం కలిసే కూడలిలో కడ్డీలు కిక్కిరిసి ఉంటాయి. పని కష్టమన్న కారణంతో అక్కడ రింగులు మానివేయరాదు.
* రింగు కొనలను 135 డిగ్రీలకు వంచాలి. 90 డిగ్రీల కొన పైపొరలోనే ఉంటుంది, ఆ పొర రాలగానే రింగు విప్పుకొంటుంది.
* రింగుల కొక్కేలన్నీ ఒకే మూలకు రాకుండా మార్చి మార్చి అమర్చాలి.
* రింగులు స్తంభంలో అన్నిటికంటే బయట ఉండే ఉక్కు కాబట్టి ముందుగా తుప్పు పట్టేది కూడా వాటికే. తగినంత కాంక్రీటు పొర ఉండేలా కవరు దిమ్మెలు వాడాలి.
* ఒకసారి వంచిన టీఎంటీ కడ్డీని తిన్నగా చేసి మరలా వాడరాదు. దాని తాంతవతలో కొంత భాగం అప్పటికే ఖర్చయి ఉంటుంది.
* ప్రమాణాలు ఎప్పటికప్పుడు సవరించబడుతుంటాయి కాబట్టి, నిర్మాణ సమయానికి అమలులో ఉన్న కూర్పును ఇంజనీరు పరిశీలించాలి.

కాంక్రీటు పోసిన తరువాత రింగులు కంటికి కనిపించవు, వాటి దూరాన్ని సరిచేయడానికి వీలుండదు. అందువలన రింగుల తనిఖీ చెక్కలు బిగించే ముందే జరగాలి.

ఇవి కూడా చూడండి

* భూకంపం
* కాంక్రీటు
* ఉక్కు
* నంద్యాల
* ఆళ్లగడ్డ
* లెయొనార్డ్ ఆయిలర్